యల్లాప్రగడ మందు... ఎవరికెంత?

నెల్లూరు జిల్లా తీరంలో పెరిగిన వాళ్లకు బోదకాలు మాత్రల పంపిణీ గుర్తుండే ఉంటుంది. ఇస్కపల్లి నుంచి తూపిలిపాళెం దాకా ఏ ఊళ్లో అయినా ఒకటే పద్ధతి. ఆరోగ్య కార్యకర్త గుమ్మంలోకి వచ్చి వయసు అడిగేవారు. రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు ఒక మాత్ర, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు రెండు, పదిహేను దాటితే మూడు. తూకం లేదు, ఎత్తు కొలత లేదు. వలలు బాగుచేసుకుంటున్న మనిషి చేతిలో మూడు మాత్రలు పెట్టి, కళ్లెదుటే మింగించి పక్కింటికి వెళ్లేవారు.

అదే తీరం నుంచి రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లాణ్ని తీసుకుని చెన్నై రైలెక్కిన తల్లిదండ్రుల అనుభవం వేరుగా ఉంటుంది. అక్కడ ప్రతిసారీ చెప్పులు విప్పించి తూకం చూస్తారు. గోడకు ఆనించి ఎత్తు కొలుస్తారు. రెండంకెలూ కలిపి ఏదో లెక్క వేస్తారు. కేస్ షీట్ మీద 0.8 అనో 0.9 అనో ఒక దశాంశం పడుతుంది. దాని పక్కన చదరపు మీటర్లు అని ఉంటుంది. పొలాన్నీ ఇంటి స్థలాన్నీ కొలిచే కొలతతో పిల్లాడికి పనేమిటన్న సందేహం ఎవరికైనా వస్తుంది. ఆ అంకె తేలాకే మందు ఎంతో తేలుతుంది.

బోదకాలు మాత్ర పేరు డైఇథైల్ కార్బమజీన్. క్యాన్సర్ మాత్ర పేరు మెథోట్రెక్సేట్. రెండూ సుమారు ఒకే కాలంలో, 1947 ప్రాంతంలో, ఒకే కంపెనీ పరిశోధనశాల నుంచి వచ్చాయి. ఆ పరిశోధనలకు డైరెక్టర్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒకాయన నీడన పుట్టిన రెండు మందుల్లో ఒకదానికి వయసు అడిగితే చాలు, రెండోదానికి ఒళ్లంతా కొలవాలి. ఎందుకన్నది తెలియాలంటే ఆయన కథ కొంత, ఆయన పోయాక ఆ మందు కథ కొంత చెప్పుకోవాలి.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చదువు మీద మొదట్లో పెద్ద శ్రద్ధ లేదు. పదమూడేళ్లప్పుడు డబ్బు సంపాదిద్దామని కాశీకి బయల్దేరారు. యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బాగా మిగులుతుందని లెక్క. మధ్యలోనే పట్టుకుని ఇంటికి తెచ్చారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి మూడోసారికి గట్టెక్కారు. అప్పటికే తండ్రి లేరు. తల్లి నగలు అమ్మి చదివించింది. రాజమండ్రి నుంచి మద్రాసు వెళ్లే రైలు కావలి, నెల్లూరు, గూడూరు మీదుగానే పోతుంది. ఆ కుర్రాడు సెలవులకు వచ్చి వెళ్లిన దారి మనదే.

ప్రెసిడెన్సీ కాలేజీ అయ్యాక రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకుందామనుకున్నారు. వైద్యం చదివితే సేవకు పనికొస్తుందని మఠం వాళ్లే నచ్చజెప్పడంతో 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ పిలుపుతో ఖద్దరు కట్టారు. ఆపరేషన్ థియేటర్‌లోకీ ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది మింగుడుపడలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చేతికి ఎంబీబీఎస్ రాలేదు, ఎల్ఎంఎస్ వచ్చింది. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో పెళ్లయింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బుతో పోయారు. విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటికి పట్టదు, నాలుక పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది. సుబ్బారావుకూ అది సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తర్వాత అదే ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠం చెప్పారు. ఈ జబ్బు పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఇచ్చిన డబ్బుతో 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. మూడేళ్లలో వస్తానని గర్భవతి అయిన భార్యకు మాటిచ్చి ఓడ ఎక్కారు. తిరిగి రాలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. గొప్పవాళ్ల జీవితాలు రాసేటప్పుడు ఈ భాగాన్ని రెండు ముక్కల్లో దాటేయడం అలవాటు. శేషగిరమ్మ గారి వైపు నుంచి చూస్తే ఇది రెండు ముక్కల్లో దాటే విషయం కాదు.

బాస్టన్‌లో హార్వర్డ్ చదువుకు జీతం లేదు. ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా చేరి రోగుల బెడ్‌పాన్లు కడిగారు. పగలు పరిశోధనశాల. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటుంది. ఆ కొలతే దారిచూపి 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్‌నూ, 1929లో ఏటీపీనీ పట్టించింది. ఏటీపీని దాదాపు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నారు. కండరం కదలడానికి కావలసిన శక్తి ఎక్కడుంటుందన్న ప్రశ్నకు జవాబు దొరికింది. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి మారారు.

ఫోలిక్ యాసిడ్... దానికి విరుగుడు

లెడర్లీలో సుబ్బారావు బృందం మొదట పట్టుకున్న పెద్ద పని ఫోలిక్ యాసిడ్. కాలేయంలో, ఆకుకూరల్లో ఏదో ఉంది, అది తింటే ఒక రకం రక్తహీనత తగ్గుతోంది అన్నది అప్పటికే తెలుసు. 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లు కార్మికుల్లో గర్భిణుల రక్తహీనతను పరీక్షిస్తూ లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరమ్మ ఈస్టు సారంతో తగ్గించి చూపింది. కానీ ఆ పదార్థం చేతికి చిక్కడం లేదు. లెడర్లీ బృందం దాన్ని విడదీసి, నిర్మాణం తేల్చి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే లేచి కూర్చున్నారు. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకు ఇరవై ఏళ్లు దాటాక మందు దొరికింది. ఇవాళ ప్రతి గర్భిణికీ ఐరన్‌తో కలిపి ఇచ్చే ఎర్ర మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ యాసిడే.

హార్వర్డ్ రోజుల నుంచి సుబ్బారావుకు పరిచయమున్న సిడ్నీ ఫార్బర్, బాస్టన్ పిల్లల ఆస్పత్రిలో పాథాలజిస్టు. రక్తం తయారీకి ఫోలిక్ యాసిడ్ కావాలి కదా అని, ఆ కోవకు చెందిన పదార్థాల్ని ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకుంటున్నట్టు కనిపించింది. అయితే తిరగేసి ఆలోచిద్దాం అనుకున్నారు. ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, కణాన్ని మోసం చేసి, దాని తిండి మార్గాన్ని మూసేసే పదార్థం కావాలి. లెడర్లీలో డోరిస్ సీగర్, సహచరులు చేసిన అమినోప్టెరిన్ అలాంటిదే. ఫోలిక్ యాసిడ్ నిర్మాణంలో చిన్న మార్పు, అంతే. తాళంచెవిలాగే ఉంటుంది, తాళంలో దూరుతుంది, కానీ తిరగదు. దాంతో వేగంగా పెరిగే కణం ఆకలితో చస్తుంది.

1947 డిసెంబరులో ఫార్బర్ ఆ మందు ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ప్రచురించిన వ్యాసంలో 16 మంది పిల్లల సంగతి చెప్పారు. వారిలో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. అంతకుముందు రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లాడంటే వారాలు, మహా అయితే కొన్ని నెలలు. మందు ఇచ్చి దాన్ని వెనక్కి తోయడం అదే మొదలు. ఈ తోపు నిలవలేదు. కొన్ని నెలలకు జబ్బు మళ్లీ వచ్చింది. పిల్లలు దక్కలేదు.

ఇంకో చిక్కు మొదటి రోజుల్లోనే కనిపించింది. నోరంతా పుండ్లు, విరేచనాలు, రక్తకణాలు పడిపోవడం. వేగంగా పెరిగే కణాల్ని చంపే మందుకు క్యాన్సర్ కణమేదో, నోటి లోపలి పొర ఏదో, ఎముక మజ్జ ఏదో తెలియదు. కొంచెం తగ్గిస్తే జబ్బు లొంగదు, కొంచెం ఎక్కువైతే మందే చంపుతుంది. మధ్యలో ఉన్న సందు సన్నది. దీనికి తమ్ముడి వరసైన అమెథాప్టెరిన్ కూడా అక్కడే తయారైంది. కాస్త నమ్మదగ్గదిగా ఉండటంతో 1950ల్లో అదే నిలబడింది. మెథోట్రెక్సేట్ అంటే అదే.

బోదకాలు మందు కథలో ఇంత గండం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో మందు కోసం వెతుకులాట పెరిగింది. 1947లో లెడర్లీ నుంచి హెట్రజాన్ పేరుతో వచ్చిన మందు రక్తంలోని పిల్ల పురుగుల్ని తుడిచిపెట్టింది. వైద్యంగా ఇచ్చేటప్పుడు కిలోకు 6 మిల్లీగ్రాముల లెక్క. ఊరంతటికీ ఏడాదికోసారి ఇచ్చేటప్పుడు అదీ అక్కర్లేదు. 50 కిలోల మనిషికీ 70 కిలోల మనిషికీ 300 మిల్లీగ్రాములే. కొంచెం అటూ ఇటూ అయినా ప్రాణం మీదకు రాదు. జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం వచ్చినా చాలావరకు అవి చస్తున్న పురుగుల వల్ల వచ్చేవే. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుపడిన వాళ్లకు ఇవ్వరు. మిగతా వాళ్లకు వయసు చాలు. ఎంత నిక్కచ్చిగా కొలవాలన్నది మేలుకూ కీడుకూ మధ్య ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది.

ఫార్బర్ వ్యాసం వచ్చిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో పోయారు. 53 ఏళ్లు. తన మందును ఎలా కొలవాలో తేలేనాటికి ఆయన లేరు.

ఐసు దిమ్మ లెక్క

ఇక చదరపు మీటరు సంగతి.

పెద్దవాళ్ల డోసు నుంచి పిల్లల డోసు తీయడానికి పాత డాక్టర్ల దగ్గర కొన్ని సూత్రాలుండేవి. యంగ్ సూత్రం అనేది ఒకటి. పిల్లాడి వయసును, వయసుకు 12 కలపగా వచ్చిన అంకెతో భాగించాలి. ఆరేళ్ల వాడికి 6ను 18తో భాగిస్తే మూడో వంతు. అంటే పెద్దవాళ్ల మందులో మూడో వంతు ఇవ్వాలి. బరువు లెక్కా అలాంటిదే. పెద్దాయన 60 కిలోలు, పిల్లాడు 20 కిలోలు అయితే మూడో వంతే. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్లు కారు.

వేటకు వెళ్లే వాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. బోటులోకి ఐసు దిమ్మగా ఎక్కిస్తే ఎక్కువసేపు ఆగుతుంది. అదే బరువు ఐసును పగలగొట్టి చిన్న ముక్కలు చేస్తే త్వరగా కరిగిపోతుంది. బరువు మారలేదు, గాలి తగిలే పైభాగం పెరిగింది. ప్రాణుల ఒళ్లూ అంతే. ఒళ్లు చిన్నదైనకొద్దీ కిలో బరువుకు ఉండే చర్మం ఎక్కువ, వేడి పోయేది ఎక్కువ, ఆ వేడిని నిలబెట్టడానికి లోపల మండేదీ ఎక్కువే. జర్మన్ శాస్త్రవేత్త మ్యాక్స్ రూబ్నర్ 1883లో చిన్నా పెద్దా కుక్కల మీద ఇది చూపించారు. కిలో లెక్కన చూస్తే చిన్న కుక్క ఖర్చు పెట్టే శక్తి చాలా ఎక్కువ. చదరపు మీటరు లెక్కన చూస్తే అన్నీ దాదాపు సమానం.

మనిషి ఒంటి వైశాల్యం కొలవడం ఎలా? న్యూయార్క్‌లో డుబోయ్ ఇంటిపేరున్న ఇద్దరు చేసిన పని ముచ్చటగా ఉంటుంది. మనిషికి ఒంటికి అతుక్కునే బట్టలు తొడిగారు. పైన కాగితం పట్టీలు అంటించి మైనం పూశారు. ఆ తొడుగును ముక్కలుగా కత్తిరించి, చదునుగా పరచి, వైశాల్యం తీశారు. ఇలా కొలిచింది తొమ్మిది మందినే. ఆ కొలతలతో 1916లో ఎత్తూ బరువూ ఇస్తే వైశాల్యం చెప్పే సూత్రం ఇచ్చారు. తొమ్మిది మందితో కట్టిన సూత్రం లోకమంతటికీ వందేళ్లు పనిచేసిందంటే వాళ్ల చేతి పనితనం మెచ్చుకోవాలి. కొంచెం భయపడాలి కూడా. డుబోయ్ సూత్రం చేత్తో చేయడం కష్టం. 1987లో మోస్టెల్లర్ అనే ఆయన సులువైనది ఇచ్చారు. ఎత్తు సెంటీమీటర్లలో, బరువు కిలోల్లో తీసుకుని గుణించాలి. 3600తో భాగించి వర్గమూలం తీయాలి.

దీన్ని క్యాన్సర్ మందులకు తెచ్చిపెట్టినవాడు డోనాల్డ్ పింకెల్ అనే పిల్లల డాక్టర్. ఎలుకలకు, పసిపిల్లలకు, పెద్దవాళ్లకు వేర్వేరు చోట్ల ఇస్తున్న డోసుల్ని 1958లో పక్కపక్కన పెట్టి చూశారు. అందులో మెథోట్రెక్సేట్ కూడా ఉంది. కిలోల లెక్కలో అవి ఒకదానితో ఒకటి పొసగలేదు. చదరపు మీటరుకు మార్చేసరికి దగ్గర దగ్గరగా వచ్చి నిలబడ్డాయి. ఎలుక నుంచి మనిషి దాకా ఒకే గజం బద్ద పనికొచ్చింది. తర్వాత ఆయన మెంఫిస్‌లో సెయింట్ జూడ్ ఆస్పత్రికి తొలి డైరెక్టర్ అయ్యారు. ఒక్క మందుతో లొంగని జబ్బును నాలుగైదు మందులు కలిపి, ఏళ్ల తరబడి ఇచ్చి లొంగదీశారు. 1960ల చివరికి ఆయన దగ్గర సగం మంది పిల్లలు బతికి బట్టకట్టారు. ఇప్పుడు సంపన్న దేశాల్లో అయిదుగురిలో నలుగురికి పైగా నయమవుతోంది. ఇందులో మెథోట్రెక్సేట్ ఈనాటికీ ఉంది.

ఒక లెక్క చేద్దాం

ఆరేళ్ల పిల్లాడు. ఎత్తు 115 సెంటీమీటర్లు, బరువు 20 కిలోలు. గుణిస్తే 2,300. దాన్ని 3600తో భాగిస్తే 0.64. వర్గమూలం 0.8. అంటే వాడి ఒళ్లు 0.8 చదరపు మీటర్లు. 160 సెంటీమీటర్లు, 60 కిలోల పెద్ద మనిషికి ఇదే లెక్క వేస్తే 1.63 వస్తుంది.

ల్యుకేమియా చికిత్సలో, జబ్బు అదుపులోకి వచ్చాక సాగే దశలో, నోటి ద్వారా ఇచ్చే మెథోట్రెక్సేట్ చాలా చోట్ల వారానికోసారి చదరపు మీటరుకు 20 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. పెద్దాయనకు సుమారు 33 మిల్లీగ్రాములు, పిల్లాడికి 16. బరువును బట్టి మూడో వంతు ఇచ్చి ఉంటే పిల్లాడికి 11 మిల్లీగ్రాములే అందేది. మూడో వంతు మందు తగ్గిపోయినట్టు. జబ్బు తిరగబెట్టడానికి అలాంటి లోటు చాలు. తిరగేసి చూస్తే ఇంకా ప్రమాదం. పిల్లాడి కిలో లెక్కను పెద్దాయనకు వర్తిస్తే 48 మిల్లీగ్రాములు. కావలసిన దానికి ఒకటిన్నర రెట్లు.

ఈ లెక్క వేసి ఇంట్లో డోసు మార్చమని కాదు. రక్తకణాల సంఖ్య చూసి డాక్టర్లు పెంచుతారు, తగ్గిస్తారు. మాత్ర 2.5 మిల్లీగ్రాములది కాబట్టి 16ను 15కో 17.5కో సర్దుతారు. కానీ ఎత్తు, బరువు సరిగ్గా రాశారో లేదో చూసుకోవడం తల్లిదండ్రుల చేతిలో పని. 115 బదులు 151 అని పడితే వైశాల్యం 0.92 అవుతుంది. మందు 16 బదులు 18కి పైగా పోతుంది. పిల్లలు పెరుగుతారు, జబ్బులో చిక్కిపోతారు, స్టెరాయిడ్లతో ఉబ్బుతారు. నాలుగు నెలల కిందటి అంకెతో ఇవాళ్టి మందు ఇవ్వకూడదు. అందుకే వెళ్లిన ప్రతిసారీ కొలత. విసుక్కోవద్దు.

చదరపు మీటరే సర్వస్వమనీ కాదు. ల్యుకేమియా మెదడులోకి పోకుండా ఇదే మందును వెన్నులోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. అక్కడ ఒంటి వైశాల్యం లెక్క పనికిరాదు. వెన్నెముక, మెదడు చుట్టూ ఉండే ద్రవం మూడేళ్లకే దాదాపు పెద్దవాళ్లంత అవుతుంది. అందుకని ఏడాదిలోపు 6, ఏడాది నిండితే 8, రెండేళ్లకు 10, మూడేళ్లు దాటాక ఎంత పెరిగినా 12 మిల్లీగ్రాములు. బోదకాలు మాత్రలాగా వయసే కొలత! పైగా మెథోట్రెక్సేట్ ఎక్కువ భాగం మూత్రపిండాల గుండానే బయటికి పోతుంది. కిడ్నీలు మందగిస్తే ఒళ్లు ఎంత పెద్దదైనా డోసు తగ్గాల్సిందే. మీ ల్యాబ్ రిపోర్టులో కిడ్నీ పనితీరు అంకె పక్కన 1.73 చదరపు మీటర్లు అని ఎప్పుడైనా చూశారా? 1920ల నాటి అమెరికా సగటు మనిషి ఒంటి వైశాల్యం అది. మనవాళ్లలో చాలామంది అంతకన్నా చిన్నవాళ్లే అయినా కొలబద్ద అదే.

వారానికోసారి... రోజూ కాదు

సుబ్బారావు మందు క్యాన్సర్ వార్డులోనే ఆగిపోలేదు. 1951లోనే అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి, సొరియాసిస్‌కు వాడి చూశారు. 1988లో అమెరికా రుమటాయిడ్ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను అధికారికంగా అనుమతించింది. ఇవాళ క్యాన్సర్ రోగుల కంటే కీళ్లవాతం రోగులే దీన్ని ఎక్కువగా వాడుతున్నారు. ట్యూబులో గర్భం నిలిచినప్పుడు ఆపరేషన్ తప్పించడానికీ ఇస్తారు. అక్కడ మళ్లీ చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు.

కీళ్లవాతానికి ఒంటి వైశాల్యం లెక్క వేయరు. వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య, ఒకే రోజున. చిన్న డోసు కాబట్టి చిన్న మందు అనుకుంటాం. ఈ పేజీలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. వారానికోసారి వేసుకోవాల్సిన ఈ మాత్రను పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. చీటీ రాసేటప్పుడు, షాపులో ఇచ్చేటప్పుడు, ఇంట్లో పిల్లలు అమ్మానాన్నలకు డబ్బాలో సర్దేటప్పుడు, ఎక్కడైనా జరగొచ్చు. బీపీ మాత్ర, షుగర్ మాత్ర రోజూ వేసుకునే చెయ్యి దీన్నీ రోజూ వేసుకుంటుంది.

చీటీ మీద వారం పేరు పూర్తిగా, తెలుగులో రాయించుకోండి. శుక్రవారం అంటే శుక్రవారం. ఈ మాత్రల్ని మిగతా మందుల డబ్బాలో కలపకండి. ఒక వారం మర్చిపోతే తర్వాతి వారం రెండింతలు వేసుకోవద్దు, డాక్టర్‌ను అడగండి. నోట్లో పుండ్లు, జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద నీలం మచ్చలు, పొడిదగ్గుతో ఆయాసం వస్తే ఆ వారం మాత్ర ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. మూత్రంలో మంటకనో దగ్గుకనో షాపులో సెప్ట్రాన్ లాంటి సల్ఫా మాత్రలు కొనుక్కోవద్దు. అవీ ఇవీ కలిస్తే మజ్జ కుదేలవుతుంది. నొప్పి మాత్రలూ అడిగే వేసుకోవాలి. గర్భం వచ్చే అవకాశమున్న వాళ్లు ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. విరేచనాలు, వాంతులతో ఒంట్లో నీరు పోయినప్పుడూ, మండువేసవిలో రొయ్యల గుంటల మీద పనిచేసి మూత్రం సరిగ్గా రానప్పుడూ మందు ఒంట్లో నిలిచిపోతుంది.

మెథోట్రెక్సేట్ ఇచ్చే డాక్టర్ మరో మాత్ర కూడా రాస్తారు. అది వేసుకుంటే నోటిపూత, వికారం తగ్గుతాయి. మెథోట్రెక్సేట్ వేసుకునే రోజున దాన్ని వద్దంటారు సాధారణంగా. అది ఫోలిక్ యాసిడ్. అన్నదమ్ముల జబ్బుకు మందుగా తేలిన ఫోలిక్ యాసిడ్, దాన్ని అడ్డుకోవడానికి చేసిన మెథోట్రెక్సేట్, రెండూ ఒకే చీటీ మీద చేరాయి. డోసు మరీ మించిపోయినప్పుడు మాత్రం ఇది చాలదు. ల్యుకోవోరిన్ అనే దాన్ని ఇస్తారు. మెథోట్రెక్సేట్ మూసిన తలుపును తప్పించుకుని అది పక్కదారిన లోపలికి పోతుంది. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

సుబ్బారావు అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే పోయారు. పుట్టి వందేళ్లయ్యాక 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది. ఒక బూజుకు ఆయన పేరు పెట్టారు, సుబ్బారోమైసెస్ స్ప్లెండెన్స్ అని. మందు డబ్బా మీద పేరు ఉండదు. నెల్లూరు నుంచి వెళ్లిన ఆ ఆరేళ్ల పిల్లాడు ఏడో ఏట మళ్లీ గోడకు ఆని నిలబడతాడు. 122 సెంటీమీటర్లు, 23 కిలోలు. 0.88 చదరపు మీటర్లు. వారానికి 16 మిల్లీగ్రాములు కాదిక, సుమారు 17.5. ఏడు మాత్రలు.